విక్టోరియా జలపాతం: స్కూలు సెలవుల్లోనే వెళ్లాలి. ఏప్రిల్-మే మంచిదా, దసరా మంచిదా?

వైట్‌ఫీల్డ్ వలసపక్షి
అందరికీ నమస్తే. మా నాన్న తుంగభద్ర మీద ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. ఆయనకి గుళ్లూ గోపురాలూ పెద్దగా పట్టవు, ఎక్కడ నీళ్లు దూకుతుంటే అక్కడికి తీసుకెళ్లమంటారు. చెల్లి అమెరికాలో ఉంది కాబట్టి నయాగరా అయిపోయింది. ఇప్పుడు విక్టోరియా అంటున్నారు, ఆఫ్రికాలో జింబాబ్వే, జాంబియా సరిహద్దులో జాంబెజి నది మీద ఉందే, అది. అమ్మకి 61, నాన్నకి 66, అమ్మకి మోకాళ్ల నొప్పి ఉంది. నేను, మా ఆవిడ, ఐదో క్లాసు పాప.

మా సమస్య స్కూలు. దసరాకి పది రోజులు ఇస్తారు, లేదంటే ఏప్రిల్, మే. దసరాకి టికెట్లు చూద్దామనుకునేసరికి ఆఫీసులో ఒకతను ఓ వీడియో చూపించాడు, అందులో ఉత్త బండరాయి తప్ప చుక్క నీళ్లు లేవు, జలపాతం ఎండిపోయిందని రాశారు. అది నిజమేనా? వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి. జింబాబ్వే వైపు ఉండాలా జాంబియా వైపు ఉండాలా, వీసా ఎలా, పెద్దవాళ్లు నడవగలరా, ఇవన్నీ కూడా తెలియాలి.

హెబ్బాళ హడావిడి
నయాగరా చూశాక ఇంకేం చూస్తారు బ్రో, అదే నీళ్లు.

కోరమంగళ కాకి
పైనున్న హడావిడి గారిని పట్టించుకోకండి. నయాగరా ఎత్తు 57 మీటర్లు. విక్టోరియా 108 మీటర్లు, వెడల్పు 1,708 మీటర్లు. దాదాపు రెట్టింపు ఎత్తు, కిలోమీటరున్నర పైన ఒకే తెర. రెండూ ఒకటే అనేవాళ్లు రెండూ చూసి ఉండరు.

ఏప్రిల్‌లోనే వెళ్లండి, ఇంకో ఆలోచన వద్దు. మేం ఏప్రిల్ మధ్యలో వెళ్లాం. ఊళ్లోకి రాకముందే దూరంగా పొగలాగా పైకి లేస్తూ కనిపించింది, డ్రైవరు అడవి కాలుతోందేమో అన్నట్టు ఊరికే ఉన్నాడు, అడిగితే అదే జలపాతం అన్నాడు. గేటు దాటి లోపల నడుస్తుంటే వాన మొదలైంది, పైన చూస్తే నీలం ఆకాశం. ఆ నీళ్లు కింద లోయలో పడి మళ్లీ పైకి లేచి మన నెత్తిన పడుతున్నాయి, సన్న తుంపర కూడా కాదు, బకెట్లతో పోసినట్టే. రెయిన్‌కోటు ఏదో మాటవరసకి, లోపలి బనీను దాకా తడిసిపోయాం. చెవుల్లో హోరు తప్ప పక్కన మనిషి మాట వినపడదు. అది ఒళ్లంతా తగిలే అనుభవం, ఫొటోలో రాదు.

సీమ సంకటి
కాకి గారూ, అంతా బాగా చెప్పారు, ఒక్క మాట మాత్రం చెప్పలేదు. జలపాతం కనిపించిందా?

కోరమంగళ కాకి
కనిపించింది... మధ్యమధ్యలో. గాలి తిరిగినప్పుడు.

సీమ సంకటి
అదీ సంగతి. నిండు నీళ్లప్పుడు అక్కడ మూడొంతుల వ్యూపాయింట్ల నుంచి తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించదు. మా టీములో ఒకాయన ఏప్రిల్‌లో వెళ్లి, తెల్ల గోడ ముందు తడిసి నిలబడ్డ ఫొటోలు పెట్టాడు, అవి ఎక్కడ తీశావంటే ఆఫ్రికా అన్నాడు, కార్ వాష్ అన్నా నమ్మేవాళ్లం.

మేం అక్టోబరులో వెళ్లాం. నీళ్లు తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఆ కొండచరియ మొత్తం పైనించి కిందదాకా కనిపిస్తుంది, నల్లటి రాయి మీద విడివిడిగా ధారలు, అడుగున నది పారడం కూడా కనిపిస్తుంది, లోయ లోతు ఎంతో అప్పుడే అర్థమవుతుంది. పైగా జాంబియా వైపు లివింగ్‌స్టన్ దీవి నుంచి డెవిల్స్ పూల్‌లోకి దిగాను. జలపాతం అంచునే ఉన్న మడుగు అది, అంచున రాతి గట్టు ఉంటుంది కాబట్టి కొట్టుకుపోం. నీళ్లు తగ్గే కాలంలోనే, అంటే సుమారు ఆగస్టు రెండో సగం నుంచి జనవరి మధ్యదాకా మాత్రమే తెరుస్తారు, గైడు లేకుండా వెళ్లనివ్వరు. గట్టు మీద బోర్లా పడుకుని కిందికి చూస్తే కడుపులో పేగులు కదిలాయి. ఏప్రిల్‌లో ఆ దీవి వైపు పోనే పోలేరు.

ఒక్కటే కష్టం, ఎండ. అక్కడ అక్టోబరే అన్నిటికంటే వేడి నెల. అనంతపురం వాళ్లం కాబట్టి తట్టుకున్నాం, మిగతావాళ్ల సంగతి తెలియదు.

రాజమండ్రి రేవు
విక్టోరియా మీద ఎన్ని క్యూసెక్కులు వస్తాయి మాస్టారూ? 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, 24 లక్షల క్యూసెక్కుల పైన వచ్చింది. ఊరికే తెలుసుకుందామని.

మ్యాపు పిచ్చోడు
రేవు గారూ, ఏడాది సగటు తీస్తే సెకనుకి సుమారు 1,088 ఘనపు మీటర్లు, మన లెక్కలో 38 వేల క్యూసెక్కులు చిల్లర. మామూలు సంవత్సరంలో ఏప్రిల్‌లో లక్ష దరిదాపుల్లోకి వెళ్తుంది, అక్టోబరు-నవంబరుకి పది వేల స్థాయికి దిగిపోతుంది. కాబట్టి మీ వరద ముందు చిన్నదే, సంతోషమేనా? కానీ గోదావరి బల్లపరుపుగా పోతుంది, ఇది 108 మీటర్లు ఒక్కసారిగా పడుతుంది.

అసలు ప్రశ్నకి వస్తాను. ఆ ఎండిపోయిన వీడియో 2019 డిసెంబరు ప్రాంతంలో బాగా తిరిగింది. ఆ ఏడాది కరువు నిజమే, నీళ్లు మామూలు కంటే బాగా తక్కువ. అయితే ఎండిన భాగమే తీసి మొత్తం అదే అన్నట్టు చూపించారు. జాంబియా వైపున్న తూర్పు భాగం, ఈస్టర్న్ కాటరాక్ట్ అంటారు, అక్కడ అంచు కొంచెం ఎత్తు, అందుకని మామూలు సంవత్సరాల్లో కూడా అక్టోబరు, నవంబరుల్లో అది దాదాపు ఎండిపోతుంది. దానికి తోడు జాంబియా విద్యుత్ కేంద్రానికి కాలవ జలపాతం పైనుంచే తీశారు, నీళ్లు తక్కువున్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది. జింబాబ్వే వైపున్న డెవిల్స్ కాటరాక్ట్, మెయిన్ ఫాల్స్ మాత్రం ఏడాది పొడుగునా పారతాయి. కాబట్టి దసరాకి వెళ్లేవాళ్లు జాంబియా వైపు మాత్రమే చూసి తిరిగొస్తే, ఆ వీడియోలో ఉన్నదే కనిపిస్తుంది.

ఇంకో విషయం. జాంబెజి నదికి నీళ్లు జలపాతం దగ్గర పడే వానల నుంచి రావు, వాయవ్య జాంబియా, అంగోలా ఎత్తు ప్రాంతాల నుంచి వస్తాయి. అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి దాకా. ఆ నీళ్లు దారిలో బరోట్సే అనే పెద్ద పల్లపు మైదానంలో విస్తరించి, నింపాదిగా కిందికి దిగుతాయి. అందుకే జలపాతం దగ్గర వానలు ఆగిపోయాక, ఆకాశం తేటగా ఉన్న ఏప్రిల్‌లో నది నిండుతుంది. కాకి గారు చూసిన నీలం ఆకాశం కథ అదే.

వైట్‌ఫీల్డ్ వలసపక్షి
నాన్న పక్కనే కూర్చుని టైపు చేయిస్తున్నారు, ఆయన మాటల్లోనే పెడుతున్నాను:

"బరోట్సే అంటే బ్యాలెన్సింగ్ రిజర్వాయరన్నమాట. బాగుంది. లక్ష క్యూసెక్కులు 108 మీటర్ల నుంచి పడుతుంటే చూడాలి గానీ, పది వేలు పడేటప్పుడు ఎందుకయ్యా అంత డబ్బు తగలేసి? రాళ్లు చూడాలంటే హంపి ఉంది, బస్సు చార్జీతో అయిపోతుంది. పొగ అంత పైకి ఎందుకు లేస్తుందో ఎవరైనా చెప్పగలరా? నయాగరాలో కూడా తుంపర ఉంది, పడవలో వెళ్తే తడిశాం, కానీ గట్టు మీద నిలబడితే జలపాతం కనిపించకపోవడం లేదు."

మ్యాపు పిచ్చోడు
అంకుల్ గారు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. నయాగరాకి ఎదురుగా ఖాళీ ఉంది, నీళ్లు పడి ముందుకి వెళ్లిపోతాయి, మనం పక్కనించో దూరంనించో చూస్తాం. విక్టోరియాలో నది వెడల్పంతా అడ్డంగా ఒక పగులు ఉంది, నది దాంట్లో పడుతుంది. ఎదురుగా మళ్లీ అదే ఎత్తు గోడ. మనం నిలబడేది ఆ ఎదురు గోడ మీద. కిలోమీటరున్నర పైన వెడల్పులో పడిన నీళ్లన్నిటికీ బయటికి దారి వంద మీటర్ల పైచిలుకు సందు ఒక్కటే. ఇరుకు లోయలో అన్ని నీళ్లు పడితే అక్కడున్న గాలి ఎటూ పోలేక తుంపరని మోసుకుని పైకే తన్నుకొస్తుంది. నాలుగు వందల మీటర్ల పైకి లేస్తుందంటారు, ఇరవై ముప్పై కిలోమీటర్ల నుంచి కనిపిస్తుంది. ఆ తుంపర వల్లే ఎదురు గట్టు మీద వాన అడవి లాంటిది పెరిగింది, చుట్టూ ఎండు పొదలు, అక్కడొక్కచోట ఫెర్నులు, పాకుడు.

ఆ పగులు కథ ఇంకా బాగుంటుంది. అది బసాల్టు, అంటే లావా గట్టిపడిన రాయి, మన దక్కను రాయి జాతే. దాంట్లో అడ్డంగా బీటలు, వాటి నిండా మెత్తటి పదార్థం. నది ఒక బీటని తొలుచుకుని జలపాతం అవుతుంది, వేల ఏళ్లకి ఇంకో బీట దొరికి వెనక్కి జరుగుతుంది. కింద నది వంకరటింకరగా పోతుంది చూశారా, ఆ ఒక్కొక్క వంకరా ఒకప్పటి జలపాతం నిలబడిన చోటే. తరవాతి వంతు డెవిల్స్ కాటరాక్ట్ వైపు మొదలైందంటారు, అక్కడ అంచు ఇప్పటికే మిగతా దాని కంటే కిందికి కోసుకుపోయింది.

రాజమండ్రి రేవు
సరే ఒప్పుకున్నాం. పాపికొండల దగ్గర మాకూ ఇరుకే గానీ ఇంత కాదు.

బనశంకరి బామ్మ
నాయనా వలసపక్షీ, మీరు మగవాళ్లంతా క్యూసెక్కులు లెక్కేసుకుంటూ కూర్చున్నారు, మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి సంగతి ఒక్కరూ చెప్పలేదు. నాకూ మోకాళ్లే. మా అమ్మాయి జోహన్నెస్‌బర్గ్‌లో ఉంటుంది, అక్కడినుంచి విమానంలో రెండు గంటలు కూడా పట్టదు.

జింబాబ్వే వైపు దారి దాదాపు చదునుగా ఉంటుంది, రాళ్లు పరిచిన బాట, మధ్యలో కూర్చోవడానికి బల్లలున్నాయి. వ్యూపాయింట్లకి నెంబర్లు వేసి పెట్టారు, మొదట అన్వేషకుడు లివింగ్‌స్టన్ విగ్రహం పక్కనే డెవిల్స్ కాటరాక్ట్, అక్కడ కొన్ని మెట్లు దిగే చోటు ఉంది, అది మానేసినా నష్టం లేదు. ఆఖరుది డేంజర్ పాయింట్, అక్కడ తడి రాళ్లు, కంచె లేదు, నేను వెళ్లలేదు, మీ అమ్మగారిని కూడా వెళ్లనివ్వొద్దు. చాలా చోట్ల ముళ్లపొదలే కంచె, పాప చెయ్యి వదలొద్దు. ఊరు గేటుకి దగ్గరే, పగలు నడిచి వెళ్లొచ్చు. చీకటి పడ్డాక మాత్రం నడవకండి, ఏనుగులు ఊళ్లోకి వచ్చేస్తాయి. నవ్వులాట కాదు, మా హోటల్ వాచ్‌మన్ వద్దని వెనక్కి పంపించాడు.

జాంబియా వైపు లివింగ్‌స్టన్ ఊరు జలపాతానికి పది కిలోమీటర్ల దూరం, టాక్సీ కావాలి. అక్కడ నైఫ్ ఎడ్జ్ అని చిన్న వంతెన ఉంది, జలపాతానికి బాగా దగ్గరగా తీసుకెళ్తుంది, నీళ్లున్నప్పుడు దాని మీద ఒళ్లు తడవకుండా దాటినవాళ్లు లేరు. బాయిలింగ్ పాట్ అని కిందికి దిగే దారి మోకాళ్ల వాళ్లకి అసలొద్దు.

మేం వెళ్లింది జూలై. నీళ్లు బాగానే ఉన్నాయి, పొగ తగ్గింది, ఇంచుమించు అంతా కనిపించింది. పౌర్ణమి రాత్రుల్లో పార్కు తెరుస్తారు, వెన్నెల్లో ఇంద్రధనుస్సు చూశాం, తెల్లగా ఉంటుంది, మొదట మా ఆయన అది మేఘం అన్నారు. నా మాట వినండి, జూన్, జూలైల్లో వెళ్లండి. ఐదో క్లాసు పిల్ల వారం రోజులు బడి మానేస్తే కలెక్టరు ఉద్యోగం ఏమీ పోదు.

వైట్‌ఫీల్డ్ వలసపక్షి
బామ్మగారూ, మీకు పాదాభివందనం. అమ్మకి చదివి వినిపించాను, "ఈవిడెవరో మన మనిషి" అంది. బడి మాన్పించడానికి మా ఆవిడ ఒప్పుకోదు, అది తేలిపోయింది. మే నెలాఖరు ఎలా ఉంటుంది? మా స్కూలు జూన్ మొదటి వారంలో తెరుస్తారు.

కోరమంగళ కాకి
మే ఆఖరంటే నీళ్లు ఇంకా దండిగానే ఉంటాయి. తగ్గడం మొదలై ఉంటుంది అంతే. పొగ ఉంటుంది, కానీ ఏప్రిల్ అంత ఉండదు. అంకుల్‌కి నీళ్లు, ఆంటీకి చలిగాలి. పొద్దున పూట స్వెటర్ కావాలి, అక్కడ అది చలికాలం మొదలు. వానలుండవు.

సీమ సంకటి
మే ఆఖరైతే నేనూ సరేనంటాను. అయినా మొత్తం వెడల్పు ఒక్కసారి చూడాలంటే హెలికాప్టర్ ఎక్కండి. నిండు నీళ్లప్పుడు ఈ జలపాతం ఆకారం అర్థమయ్యేది పైనించే, ఏదో భూమి చిరిగినట్టు ఉంటుంది. పావుగంట తిప్పడానికి మనిషికి 150 డాలర్ల పైమాటే, ఐదుగురికి చేతి చమురు వదులుతుంది. మీ నాన్నగారిని ఒక్కరినే ఎక్కించండి, మిగతావాళ్లు గేటు దగ్గర కాఫీ తాగండి.

హెబ్బాళ హడావిడి
బంగీ జంప్ ఉందంట కదా, రెండు దేశాల మధ్య పెద్ద వంతెన మీద? 111 మీటర్లు. తాడు తెగిందని ఎక్కడో చదివాను.

మ్యాపు పిచ్చోడు
2011 డిసెంబరు 31న తెగింది, ఒక ఆస్ట్రేలియా అమ్మాయి నదిలో పడి, ఈదుకుంటూ ఒడ్డుకి చేరి బతికింది. ఇప్పటికీ దూకిస్తున్నారు, ఎవరిష్టం వాళ్లది.

వంతెన మాత్రం చూడాల్సిందే. 1905లో కట్టారు, నది మీద 128 మీటర్ల ఎత్తు. ఇంకాస్త కిందికి కడితే సులువయ్యేది, కానీ రైల్లో వెళ్లేవాళ్ల మీద జలపాతం తుంపర పడాలని బ్రిటిష్ వలస నాయకుడు సెసిల్ రోడ్స్ పట్టుబట్టాడంటారు, తీరా ఆయన 1902లోనే పోయాడు, జలపాతాన్ని చూడనే లేదు. మధ్యలో రెండు దేశాల సరిహద్దు. అటువైపు దేశంలోకి పోకుండా వంతెన దాకా నడిచి చూసి రావాలంటే సరిహద్దు దగ్గర పాస్‌పోర్టు చూపిస్తే చీటీ ఇస్తారు. అంకుల్‌కి జలపాతం కంటే ఇదే నచ్చినా ఆశ్చర్యం లేదు.

గిండీ గాలిపటం
చెన్నై నుంచి. జలపాతం సంగతి మీరంతా చెప్పేశారు, నేను వ్యాక్సిన్ల స్టోరేజి పనిలో ఉంటాను కాబట్టి అది చెప్తాను, ఇది ఆఖరి వారంలో గుర్తొస్తే ఏమీ చెయ్యలేరు.

బెంగళూరు నుంచి అడిస్ అబాబా మీదుగా విక్టోరియా ఫాల్స్ ఊరికి వెళ్లడం తేలిక, చాలామంది అదే బుక్ చేస్తారు. కానీ మన ప్రభుత్వం పెట్టిన ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే జ్వరం) దేశాల జాబితాలో ఇథియోపియా ఉంది, కెన్యా ఉంది. జింబాబ్వే, దక్షిణాఫ్రికా లేవు. జాబితాలో ఉన్న దేశం నుంచి వచ్చేవాళ్ల దగ్గర టీకా సర్టిఫికెట్ లేకపోతే ఇక్కడ దిగగానే ఆరు రోజుల దాకా విడిగా ఉంచే అధికారం మన ఎయిర్‌పోర్టు ఆరోగ్యాధికారులకుంది. ఎయిర్‌పోర్టు దాటి బయటికి రాని ట్రాన్సిట్ ప్రయాణికులకి మినహాయింపు ఉంది గానీ, అది ఇక్కడ మన ఆరోగ్యాధికారి ఒప్పుకుంటేనే. అది నమ్ముకుని వెళ్లడం టెన్షన్. మన దగ్గర ఆ జబ్బు లేదు, కానీ దాన్ని మోసే దోమ మాత్రం ఊరంతా ఉంది, డెంగీ దోమే అది. అందుకే అంత గట్టిగా ఉంటారు.

టీకా ఒక్క డోసు, జీవితాంతం చెల్లుతుంది, అయితే వేసుకున్న పది రోజుల తరవాతే సర్టిఫికెట్ చెల్లుబాటవుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, మాకు ఇక్కడ గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్. మామూలు హాస్పిటల్లో వేయించుకున్న చీటీ పనికిరాదు.

అసలు పాయింటు ఇది. అది బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన టీకా. అరవై దాటినవాళ్లకి మొదటిసారి వేసేటప్పుడు అరుదుగా వచ్చే తీవ్రమైన రియాక్షన్ల అవకాశం చిన్నవాళ్ల కంటే ఎక్కువ, అందుకే డాక్టరు చూసి చెప్పాలి. మీ ఇంట్లో ఇద్దరూ అరవై దాటినవాళ్లే. వాళ్లకి వద్దంటే గల్ఫ్ మీదుగా జోహన్నెస్‌బర్గ్ వెళ్లి అక్కడినుంచి విక్టోరియా ఫాల్స్‌కి వెళ్లండి. మొత్తం ఒకే టికెట్ మీద ఉండేలా చూసుకోండి, విడివిడిగా కొంటే సామాను కోసం బయటికి రావాలి, దక్షిణాఫ్రికా వీసా గొడవ మొదలవుతుంది.

మలేరియా కూడా ఉంది ఆ ప్రాంతంలో, వానల కాలంలోనూ ఆ తరవాతి నెలల్లోనూ ఎక్కువ, మే ఇంకా దాని కిందికే వస్తుంది. దానికి టీకా కాదు, మాత్రలు. అదీ అదే డాక్టరుని అడగండి.

వైట్‌ఫీల్డ్ వలసపక్షి
గాలిపటం గారూ, ఇది నిజంగా తెలియదు, చాలా థ్యాంక్స్. మా ట్రావెల్ ఏజెంటు అడిస్ అబాబా టికెట్టే కోట్ చేశాడు, టీకా మాటే ఎత్తలేదు. నాన్నకి బీపీ మాత్రలున్నాయి, డాక్టరు దగ్గరికి శనివారం తీసుకెళ్తాను. వీసా సంగతి ఎవరైనా?

సీమ సంకటి
కాజా యూనివీసా అని ఒకటుంది, 50 డాలర్లు, 30 రోజులు. జాంబియా, జింబాబ్వే రెండు వైపులా ఎన్నిసార్లయినా అటూ ఇటూ తిరగొచ్చు, పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేటట్టయితే బోట్స్వానా కూడా వెళ్లిరావచ్చు. మన పాస్‌పోర్టుకి ఇస్తారు, అయినా రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు రెండు దేశాల ఇమిగ్రేషన్ సైట్లూ చూసుకోండి. డాలర్లు నోట్లుగా తీసుకెళ్లండి, చిరిగినవీ గీతలున్నవీ వద్దంటారు. ఒకటి, అయిదు డాలర్ల నోట్లు ఎక్కువ పెట్టుకోండి, జింబాబ్వేలో అన్నీ డాలర్లలోనే నడుస్తాయి, చిల్లర మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

తిండి గురించి మీరు అడగలేదు గానీ మీ అమ్మగారు అడుగుతారు. వాళ్ల ముఖ్యాహారం తెల్ల మొక్కజొన్న పిండితో చేసేది, జింబాబ్వేలో సాడ్జా అంటారు, జాంబియాలో న్షిమా. చూడ్డానికీ తినడానికీ మన సంకటే, ముద్ద చేసుకుని ఆకుకూరతోనో బీన్స్‌తోనో తినడమే. నా పేరు చూశారుగా, నాకు ఏ ఇబ్బందీ రాలేదు. పచ్చడి సీసా మాత్రం పట్టుకెళ్లండి. లివింగ్‌స్టన్‌లో గుజరాతీలు తరాలుగా ఉన్నారు, ఆ వైపు రొట్టె, పప్పు దొరకడం కష్టం కాదు.

బనశంకరి బామ్మ
పచ్చడి సీసా హోటల్ గదిలో బాల్కనీ మీద పెట్టకండి. బబూన్లుంటాయి. చేతిలో బిస్కెట్ ప్యాకెట్ కనిపిస్తే లాక్కుంటాయి, పాపకి ముందే చెప్పండి. ఇంకా, తడిసినప్పుడు మార్చుకోవడానికి బట్టలు గేటు దాకా తీసుకెళ్లండి, చీర అయితే అసలు కుదరదు, మీ అమ్మగారిని చుడీదార్ వేసుకోమనండి. రెయిన్‌కోట్లు గేటు బయట అద్దెకిస్తారు, కానీ అవి అంతకుముందు ఎవరు వేసుకున్నారో ఏమో, ఇక్కడే కొనుక్కోండి.

కోరమంగళ కాకి
ఫోను ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. మా బావమరిది ఫోను వాటర్‌ప్రూఫ్ అని ధీమాగా తీశాడు, సాయంత్రానికి చార్జింగ్ పెట్టనివ్వలేదు అది. కెమెరా కంటే మెత్తటి పొడి గుడ్డ ముఖ్యం, ప్రతి ఫొటోకీ లెన్సు తుడవాలి. సూర్యుడు వెనకాల ఉన్నప్పుడు ఇంద్రధనుస్సు మీ కాళ్ల దగ్గర్నుంచి మొదలవుతుంది, పాపకి అది చూపించండి.

వైట్‌ఫీల్డ్ వలసపక్షి
ఇంట్లో మీటింగ్ అయింది. మే ఆఖరి వారం. జింబాబ్వే వైపే బస, ఒక రోజు జాంబియా వైపు. నాన్న హెలికాప్టర్ వద్దన్నారు, "పైనించి చూస్తే డ్రాయింగు చూసినట్టుంటుంది, నాకు సర్వీసంతా అదే పని" అన్నారు. అమ్మకి మాత్రం ఎక్కాలని ఉందట. కాబట్టి అమ్మ ఎక్కుతుంది, నాన్న కింద తడుస్తారు. దారి జోహన్నెస్‌బర్గ్ మీదుగా చూస్తున్నాం, డాక్టరు ఏమంటారో దాన్నిబట్టి.

ఇంకొక్క ప్రశ్న. బోట్స్వానాలో చోబె పార్కు ఒక్కరోజులో అవుతుందా, లేక పెద్దవాళ్లకి బడలికా?

మ్యాపు పిచ్చోడు
అవుతుంది. సరిహద్దు దాకా రోడ్డు గంట చిల్లర, తెల్లవారుజామున హోటల్ దగ్గరే ఎక్కించుకుంటారు. పొద్దున పడవలో, మధ్యాహ్నం జీపులో తిప్పుతారు. ఏనుగులకి ఆ పార్కు పెట్టింది పేరు. సరిహద్దులో క్యూ ఎంత ఉంటుందన్నదే చెప్పలేం.

బనశంకరి బామ్మ
పడవ మాత్రం ఎక్కించు, జీపు వద్దు. ఆ కుదుపులకి నడుము పట్టేస్తుంది. పడవలో కూర్చుంటే ఏనుగులే నీళ్ల దగ్గరికి వస్తాయి. పొద్దున పడవ అయ్యాక తిరిగొచ్చేసే ప్యాకేజీ ఉందేమో అడుగు, ఉంటుంది.

వైట్‌ఫీల్డ్ వలసపక్షి
అడుగుతాను బామ్మగారూ. డాక్టరు చెప్పింది శనివారం రాత్రి ఇక్కడే రాస్తాను, గాలిపటం గారు ఒకసారి చూడండి.